ఇత్తడి బ్రేజింగ్ చేశాక సీటు ట్యూబు నొక్కుకుపోయింది, సీటు పోస్టు దిగడం లేదు

కాలవగట్టు | శుక్రవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మాది రావులపాలెం దగ్గర. నాలుగు నెలలుగా ఇంటి వెనక కొబ్బరికాయలు పోసే షెడ్డులో సొంతంగా ఒక సైకిల్ ఫ్రేము కడుతున్నాను. నా ఎత్తుకు సరిపడేలా, పొద్దున్నే కాలవ గట్టు మీద తొక్కుకోవడానికి. ముందు త్రికోణం అతికించేశాను. వెనక చక్రాన్ని పట్టుకునే సన్న గొట్టాలు, అంటే చైన్ స్టేలు, సీట్ స్టేలు ఇంకా మొదలుపెట్టలేదు.

ట్యూబులు 4130 క్రోమోలీ ఉక్కు. సీటు కింద నిలువుగా ఉండే సీటు ట్యూబు బయటి వ్యాసం 28.6 మి.మీ., మందం 0.9, అంటే లోపల 26.8. లగ్గులు, అంటే ట్యూబులు కలిసే చోట వేసే తొడుగులు వాడలేదు. టాప్ ట్యూబు కొసను చేపనోరులా కోసి, ఆక్సీ ఎసిటిలిన్ మంట మీద ఇత్తడి రాడ్డుతో మూలంతా నింపి అతికించాను.

ఈ బ్రేజింగ్‌కి ముందు 26.8 సీటు పోస్టు (సీటుని మోసే గొట్టం) సీటు ట్యూబులో జర్రున దిగేది. ఇప్పుడు పైనుంచి 45 మి.మీ. దిగి టక్కున ఆగిపోతోంది. టాప్ ట్యూబు జాయింటు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. జాయింటుకి కాస్త కింద బయటివైపు వెర్నియర్ పెట్టి చూస్తే పక్కల నుంచి 28.9, ముందు వెనకలు 28.2 వచ్చింది. ట్యూబు వెనక స్టీలు స్కేలు ఆనిస్తే జాయింటు దగ్గర ఆనుకుని, పై కొసన 1 మి.మీ. సందు కనిపిస్తోంది. అంటే పై ముక్క ముందుకి వంగిందన్నమాట.

సుత్తితో సరిచేయొచ్చా? ట్యూబు కోసి పారేయాలా? నిన్నటి నుంచి ఒకటే టెన్షన్.

గేర్లెందుకు | శుక్రవారం రాత్రి 9:50

పోస్టు దిగకపోతే సీటు మానేయండి. నిలబడి తొక్కితే వ్యాయామం కూడా.

పాలకొల్లు లేత్ | శుక్రవారం రాత్రి 10:15

సుత్తి మాట ఎత్తకండి. 0.9 మందం ట్యూబు మీద సుత్తి పడితే సొట్ట పడుతుంది, ఆ సొట్టని మళ్లీ ఎవరూ తీయలేరు.

కొన్ని వివరాలు చెప్పండి. జాయింటు ఒక్క దెబ్బలో చేశారా, విడతలుగా చేశారా? ఎంతసేపు కాల్చారు? చేపనోరు కోత ట్యూబుకి సరిగ్గా అతుక్కుందా, సందు ఉందా? సీటు ట్యూబు పైన క్లాంపు బిగుసుకోవడానికి పెట్టే చీలిక అప్పుడే కోసేశారా?

కాలవగట్టు | శుక్రవారం రాత్రి 10:31

చీలిక ఇంకా కోయలేదండి. మిగతావి చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఎడమ పక్కన దాదాపు 1 మి.మీ. సందు ఉంది. ఇత్తడే నింపేస్తుంది కదా అని వదిలేశాను. ముందు కుడివైపు మొత్తం ఒక్కసారిగా పూర్తిచేసి, తర్వాత ఎడమవైపుకి వెళ్లాను. మధ్యలో సిలిండర్‌లో ఆక్సిజన్ తగ్గి మంట బలహీనపడింది. అందుకని అక్కడే చాలాసేపు తిప్పాను. మొత్తం ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పట్టి ఉంటుంది.

మిల్లు వెల్డర్ | శనివారం ఉదయం 5:20

అబ్బాయ్, సిగ్గుపడాల్సిందేమీ లేదు. మండపేట రైస్ మిల్లుల్లో ముప్పై అయిదేళ్లు గ్యాస్ పట్టుకున్నాను, పైపు వంగకుండా అతికినోణ్ణి నేనైతే చూడలేదు. వంగుతుంది. ఎటు వంగుతుందో ముందే తెలిసుండాలి, అంతే.

మీ వయసు వాళ్లు చూసి ఉండరు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా వేసేటప్పుడు పట్టాని చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాల్చేవారు. కాలితే పట్టా సాగుతుంది, చెక్క చక్రం మీద సులువుగా కూర్చుంటుంది. నీళ్లు కొట్టగానే ముడుచుకుని చెక్కని కరిచి పట్టుకుంటుంది. అక్కడ పట్టా మొత్తం వేడెక్కింది కాబట్టి సాగడానికి చోటుంది. నీ ట్యూబుకి చోటేది? ముందు వైపు ఒక్కచోటే ఎర్రగా కాలింది, చుట్టూ చల్లటి ఇనుము గోడ కట్టినట్టు నిలబడింది. కాలిన ముక్క సాగుదామంటే సాగనివ్వలేదు. ఎర్రగా ఉన్న ఇనుము మెత్తన కదా, బయటికి సాగలేక తనలో తనే నలిగి లావెక్కింది. చల్లారేటప్పుడు మాత్రం ముడుచుకోవడం ఆగదు. అందుకే చివరికి ఆ వైపు పొట్టిదైపోయింది.

గుర్తుపెట్టుకో. ఎటువైపు కాలిస్తే చివరికి అటే వంగుతుంది. నువ్వు ముందువైపు కాల్చావు, పై ముక్క ముందుకి వంగింది. ఆయ్, సరిగ్గా అయ్యేదే అయింది.

వంపు తీయాలంటే దానికి ఎదురుగా వెనకవైపు ఒక రూపాయి బిళ్లంత చోటు ఎర్రగా కాల్చి వదిలెయ్. అదే వెనక్కి లాక్కుంటుంది. మిల్లులో షాఫ్టులు, ఛానళ్లు మేం అలాగే తీసేవాళ్లం.

పడవ పని | శనివారం ఉదయం 6:02

బాబాయ్ గారు చెప్పింది నిజం. ఇనుప పడవల రేకులు ఉబ్బితే మేమూ ఉబ్బు మీదే చుక్కలు చుక్కలుగా కాలుస్తాం, చల్లారాక బిగుస్తుంది. కానీ మా రేకు 5, 6 మి.మీ. మందం. 0.9 ట్యూబు మీద ఇంతవరకు చేయలేదు.

పాలిటెక్నిక్ మాస్టారు | శనివారం ఉదయం 8:45

వెల్డర్ గారు బండి చక్రంతో చెప్పినదాన్నే నేను అంకెల్లో చెబుతాను. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకి సుమారు 12 మైక్రాన్లు సాగుతుంది. ఇత్తడి రాడ్డు పూర్తిగా కరిగేది 890 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే ట్యూబు ఇంచుమించు 850 డిగ్రీలు పైకెళ్లింది. 28.6 ట్యూబు చుట్టుకొలత 90 మి.మీ. అందులో ముందువైపు మూడో వంతు, 30 మి.మీ. ఎర్రబడిందనుకుందాం. 12 మైక్రాన్లు, 850 డిగ్రీలు, 30 మి.మీ. గుణించి చూడండి, 0.3 మి.మీ. వస్తుంది. సాగాల్సిన ఆ 0.3 సాగలేక నలిగింది. మీ వెర్నియర్‌లో కనిపించింది కూడా ఆ స్థాయి తేడాయే. పొరపాటున జరిగింది కాదు, లెక్క ప్రకారమే జరిగింది.

దీనికి తోడు ఎడమవైపు 1 మి.మీ. సందులో నిండిన ఇత్తడి గడ్డకట్టేటప్పుడు అది కూడా ముడుచుకుంటుంది. సందు ఎంత వెడల్పుంటే ఆ లాగుడు అంత ఎక్కువ. సగం పని ఆకురాయి దగ్గరే అయిపోవాలి. రెండు ట్యూబుల మధ్య దీపం పెట్టినా వెలుతురు కనిపించకూడదు.

మళ్లీ కాల్చడం మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఎదురు చుక్క పెడితే వంపు తగ్గుతుందేమో గానీ నొక్కుడు తగ్గదు. వంపు ఒక సమస్య, గుండ్రం పోవడం ఇంకో సమస్య. పోస్టుని ఆపుతున్నది రెండోదే.

ఫ్రిజ్ మెకానిక్ భీమవరం | శనివారం ఉదయం 9:10

అంత వేడి ఎందుకండి అసలు? మేం ఏసీ పైపులకి వాడే రాడ్డు ఉంది కదా, 5 శాతం వెండి ఉంటుంది, ఇత్తడి కంటే చాలా తక్కువ వేడికే పారుతుంది. అతుకు శుభ్రంగా పట్టడానికి పూసే ఫ్లక్స్ కూడా అక్కర్లేదు. ఈసారి నాలుగు రాడ్లు పంపిస్తాను.

పోర్ట్‌లాండ్ గోదారోడు | శనివారం ఉదయం 9:58

అన్నా, ఆ రాడ్డు దయచేసి పంపొద్దు. మాది మండపేటే, ఇప్పుడు అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడ చేత్తో ఫ్రేములు కట్టేవాళ్ల దగ్గర రెండు వారాలు నేర్చుకున్నాను. మొదటి రోజు చెప్పిన మాటే అది.

ఏసీ రాడ్డులో రాగితో పాటు భాస్వరం ఉంటుంది. రాగి పైపుకి అది వరం, ఫ్లక్స్ లేకుండా పారేది ఆ భాస్వరం వల్లే. ఇనుముకి తగిలితే మాత్రం ఇనుమూ భాస్వరమూ కలిసి అతుకు అంచున పెళుసు పొర ఏర్పడుతుంది. పైకి నున్నగా, గట్టిగా కనిపిస్తుంది. గతుకు తగలగానే పటుక్కుమంటుంది.

ఫ్రేముకి వాడే వెండి రాడ్డు వేరు. 56 శాతం వెండి ఉన్నది 650 డిగ్రీల దగ్గర పారుతుంది. ఖరీదు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. వేడి 240 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి వంపూ తగ్గుతుంది. కానీ దానికి సందు 0.05 నుంచి 0.13 మి.మీ. మధ్యలోనే ఉండాలి. మూలని మందంగా నింపే పనికి రాదు. అందుకే లగ్గులున్న ఫ్రేములకి వెండి, లగ్గులు లేని ఫ్రేములకి ఇత్తడి. 1 మి.మీ. సందులో వెండి పోస్తే కారిపోయి నేల మీద పడుతుంది, డబ్బులు కూడా దాంతోపాటే.

ఇంకో మాట. పాత వెండి రాడ్లలో కాడ్మియం ఉండేవి ఉన్నాయి. ఆ పొగ ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. ప్యాకెట్ మీద కాడ్మియం లేదని రాసి ఉంటేనే కొనండి.

ఫ్రిజ్ మెకానిక్ భీమవరం | శనివారం ఉదయం 10:20

సరే, నా రాడ్లు నా దగ్గరే ఉంటాయి. ఇన్నేళ్లూ కంప్రెసర్ ఇనుప గొట్టానికి ఎందుకు అది పట్టదో ఇప్పుడు తెలిసింది. దానికి ఫ్లక్స్ పూసిన వేరే రాడ్డు ఇచ్చేవాడు మా మేస్త్రి, కారణం చెప్పేవాడు కాదు.

మిల్లు వెల్డర్ | శనివారం మధ్యాహ్నం 1:05

వెండికి వెలిగారం సరిపోదని కూడా చెప్పండి. వెలిగారం కరిగేదే 740 దాటాక. 650కి పారే వెండి ముందు అది రాయిలాగే కూర్చుంటుంది. దానికి తెల్లటి పేస్టు ఫ్లక్స్ వేరే వస్తుంది, అది నీళ్లలా తేటపడగానే రాడ్డు తగిలించాలి. ఇత్తడికైతే వెలిగారం భేషు.

సైకిలమ్మ | శనివారం మధ్యాహ్నం 2:30

ఇంకెవరో సలహా ఇచ్చేలోపే చెప్పేస్తాను. 26.4 పోస్టు కొనుక్కుని పని కానిచ్చేద్దామని మాత్రం అనుకోకండి. సీటు పోస్టులు 0.2 మి.మీ. తేడాతో దొరుకుతాయి కాబట్టి ఆశ పుడుతుంది. నేనూ ఒకసారి ఆ ఆశకి పోయాను. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ట్యూబులో గుండ్రటి సన్న పోస్టు రెండే చోట్ల ఆనుతుంది. క్లాంపు ఎంత బిగించినా కిర్రుమంటూ దిగిపోతుంది. చివరికి చీలిక అడుగున ట్యూబు పగిలింది.

పోస్టు పొట్టిగా కోసి 45 దగ్గరే ఆపేద్దామన్నా కుదరదు. పోస్టు అడుగు టాప్ ట్యూబు జాయింటు దాటి కిందికి దిగాలి. లేకపోతే మీ బరువంతా ఆ జాయింటు పైనున్న కాస్త ముక్క మీదే పడుతుంది.

కాలవగట్టు | ఆదివారం సాయంత్రం 6:15

తొందరపడి ఇంకో తప్పు చేశాను. తిట్టండి.

ట్యూబు లోపలికి ఉక్కు రాడ్డు కొట్టి గుండ్రం చేద్దామని, పాలకొల్లు దాకా ఎందుకులే అని ఇక్కడే ఒక షాపులో 26.8 రాడ్డు 150 మి.మీ. పొడవు లేత్ మీద తిప్పించుకున్నాను. నూనె రాసి చెక్క సుత్తితో కొట్టాను. 55 మి.మీ. దిగింది. అక్కడ ఇరుక్కుపోయింది. ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఇప్పుడు నా ఫ్రేముకి 95 మి.మీ. కొమ్ము మొలిచింది.

గేర్లెందుకు | ఆదివారం సాయంత్రం 6:18

నిలబడి తొక్కడం కూడా ఇప్పుడు ప్రమాదమే అయింది.

పాలకొల్లు లేత్ | ఆదివారం సాయంత్రం 7:00

ముక్కు లేకుండా తిప్పించారా? రాడ్డు కొసన 30 మి.మీ. పొడవునా వాలు ఉండాలండి, 26.3 దగ్గర మొదలై మెల్లగా పెరగాలి. నిలువు అంచుతో కొడితే అది ఉలిలా గోడని గీకుతుంది. సరే, అయిందేదో అయింది.

తీసే పద్ధతి చెబుతాను, పాత సీటు పోస్టులు పట్టేస్తే వాడేదే. సందులోకి పలచటి నూనె పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న కొమ్ముని బెంచి వైస్‌లో గట్టిగా బిగించండి. రాడ్డుని తిప్పడానికి చూడకండి, ఫ్రేమునే తిప్పండి. టాప్ ట్యూబు కొస పట్టుకుని ఊపితే త్రికోణం మెలిపడుతుంది. సీటు ట్యూబు దగ్గరగా రెండు చేతులూ వేసి, అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతూ పైకి లాగండి. ఒకసారి కదిలిందంటే వచ్చేస్తుంది.

కాలవగట్టు | సోమవారం ఉదయం 8:40

వచ్చేసింది! మా తమ్ముడు వైస్ బల్ల మీద కూర్చున్నాడు, నేను ఫ్రేము తిప్పాను. కీచుమని ఒక అరుపు అరిచి వదిలింది.

కానీ ఒక వింత చూడండి. రాడ్డు తుడిచి వెలుతురులో పెడితే పక్కల గీతలే లేవు. ముందు వైపు మాత్రం ఒకే ఒక్క లోతు గీత, చిటికెన వేలి గోరంత వెడల్పు. ఆ గీతలో పసుపు రంగు ఉంది. ఇనుము ఇనుముతో రాసుకుంటే పసుపు ఎందుకొస్తుంది?

పాలిటెక్నిక్ మాస్టారు | సోమవారం ఉదయం 9:05

అది ఇత్తడి. మీ ట్యూబు లోపల ఇత్తడి ఉంది. టార్చి వేసి లోపలికి చూడండి. టాప్ ట్యూబులో గాలి పోవడానికి సీటు ట్యూబు గోడకి చిల్లు పెట్టారా?

కాలవగట్టు | సోమవారం రాత్రి 9:10

పెట్టానండి, 6 మి.మీ. చిల్లు. ఫోను టార్చి వేసి చూశాను. చిల్లు కింద అంచు నుంచి ఇత్తడి బొట్టు కారి గోడ మీదే గడ్డకట్టింది, కందిగింజంత ఉంది. దాని చుట్టూ నల్లటి గాజులాంటిది పెంకు కట్టింది. అగ్గిపుల్లతో గీకితే రావడం లేదు.

అంటే ఇన్ని రోజులూ నేను ట్యూబు నొక్కుడు అనుకున్నది ఇదేనా?

మిల్లు వెల్డర్ | మంగళవారం ఉదయం 5:15

కొంత ఇది, కొంత నొక్కుడు. బయట వెర్నియర్ 28.9, 28.2 చూపించింది కదా, అది అబద్ధం చెప్పదు. రెండూ కలిసి పోస్టుని ఆపాయి.

చిల్లు చేపనోరు అంచుకి దగ్గరగా పెట్టి ఉంటావు. ఇత్తడి వేడి ఎక్కడుంటే అక్కడికి పరిగెడుతుంది, సందు దొరికితే దూరుతుంది. చిల్లు టాప్ ట్యూబు బోలుకి నట్టనడుమ ఉండాలి, అంచుకి దగ్గరైతే ఇదే జరుగుతుంది. చిల్లు అసలు పెట్టకపోతే ఇంకో గొడవ, లోపలి గాలి వేడెక్కి అతుకులోంచి బుడగలు తన్నుకొస్తుంది.

పోర్ట్‌లాండ్ గోదారోడు | మంగళవారం ఉదయం 7:30

ఆ నల్ల గాజు ఫ్లక్స్. దాని మీద రీమరు (ట్యూబు లోపలి గోడని కోసి సరిచేసే పళ్ల పనిముట్టు) పెట్టారో, పళ్లు ఒక్క రౌండులో మొద్దుబారిపోతాయి. కాల్చిన వెలిగారం నిజంగానే గాజు. గీకడం మానేసి వేడినీళ్లలో నానబెట్టండి, దానంతటదే కరుగుతుంది. ఓపికగా రాత్రంతా ఉంచాలి.

తర్వాత ఇత్తడి బొట్టు. అరగుండ్రం ఆకురాయి చెక్క పుల్లకి కట్టి పైనుంచి దింపండి. ఇత్తడి మెత్తన, ఆకురాయి తగిలే చప్పుడు తేలిగ్గా ఉంటుంది. చప్పుడు బిరుసుగా మారితే ఉక్కు మొదలైందని, అక్కడ ఆపేయాలి.

అదంతా అయ్యాకే కొలతలు, రీమరు. వరస మారిస్తే ఇత్తడి బొట్టు రీమరుని ఎదుటి గోడకి నెట్టేస్తుంది. ఉన్న 0.9 మందంలో అటువైపు అనవసరంగా కోసుకుపోతుంది.

కాలవగట్టు | గురువారం రాత్రి 8:55

అన్నీ వరసగా చేశాను. వడ్లు నానబెట్టే పెద్ద గాబులో ఫ్రేము తలకిందులుగా నిలబెట్టి, మరిగే నీళ్లు పోసి, గోనెసంచులు కప్పాను. అర్ధరాత్రి లేచి మళ్లీ వేడినీళ్లు పోశాను. ఎవరైనా చూస్తే నాకు పిచ్చి పట్టిందనుకుంటారని మా అమ్మ గేటు వేసేసింది. పొద్దున్నకి పెంకు తెల్లటి బురదలా ఊడిపోయింది.

బొట్టు ఆకురాయితో నలభై నిమిషాలు. తర్వాత పోస్టు దింపితే 58 దాకా వెళ్లింది. ఇంతకు ముందు 45. కానీ జాయింటు చివర 74 దగ్గర ఉంది, దాన్ని దాటాలి. ఇప్పుడు ఇరుక్కునేది పూర్తిగా నొక్కుడు వల్లే అనుకుంటున్నాను. టార్చి వేస్తే పోస్టుకీ గోడకీ మధ్య పక్కల వెలుతురు కనిపిస్తోంది, ముందు వెనకల లేదు.

పాలకొల్లు లేత్ | గురువారం రాత్రి 9:30

ఇప్పుడు రీమరుతో కోసేయకండి. కోడిగుడ్డు ఆకారాన్ని కోస్తే ముందు వెనకల గోడే పలచబడుతుంది, పక్కల రీమరు తాకను కూడా తాకదు. ముందు గుండ్రం చేయాలి.

తుమ్మ చెక్క దిమ్మ తీసుకుని 28.6 చిల్లు వేయండి. 28 బిట్టుతో వేసి గరుకు కాయితంతో సరిచేస్తే సరిపోతుంది. దిమ్మని చిల్లు మధ్యగా రంపంతో రెండు చేయండి, రంపం తిన్నంత సందే మనకి నొక్కడానికి కావాల్సిన చోటు. టాప్ ట్యూబు తగలకుండా ముందువైపు చెక్క కొట్టేయండి. రెండు చెక్కలూ ట్యూబుకి పక్కల పెట్టి వైస్‌లో బిగించండి. పావు చుట్టు బిగించి, విప్పి, వెర్నియర్ పెట్టి కొలవండి. మళ్లీ పావు చుట్టు. క్రోమోలీ సాదా ఇనుములాంటిది కాదు, నొక్కి వదిలితే చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. మొదటి ఏడెనిమిది సార్లు ఏమీ కదల్లేదనిపిస్తుంది. ఓపిక పోయి ఒకేసారి అర చుట్టు తిప్పేది అప్పుడే. తిప్పొద్దు.

కాలవగట్టు | శుక్రవారం రాత్రి 10:05

పదకొండో సారికి కదిలిందండి. మొదట వెర్నియర్ 28.90 మీదే కూర్చుంది. పదకొండోసారి 28.85. ఆ తర్వాత ఒక్కోసారికి ఒక్క వెంట్రుక వాసి. ఇప్పుడు పక్కల 28.65, ముందు వెనకల 28.5. పోస్టు 70 దాకా దిగింది, బిగుతుగా.

ఇక వంపు. పై కొసన 1 మి.మీ. అలాగే ఉంది. బాబాయ్ గారు చెప్పినట్టు వెనక చుక్క కాల్చమంటారా?

పోర్ట్‌లాండ్ గోదారోడు | శనివారం ఉదయం 6:40

కాల్చకండి. మీరు సీట్ స్టేలు ఇంకా అతికించలేదు కదా. అవి వచ్చేది ఎక్కడ? అదే జాయింటుకి వెనక వైపున. అప్పుడు ఎలాగూ వెనక ఎర్రబడుతుంది, బాబాయ్ గారి చుక్క పని అదే చేసేస్తుంది. ఇప్పుడే వంపు తీసేస్తే స్టేలు వేశాక వెనక్కి వంగుతుంది.

రీమరు కూడా అందుకే ఇప్పుడు వద్దు. స్టేలయ్యాక ట్యూబు మళ్లీ కాస్త కదులుతుంది. కోత ఒక్కసారే, అన్ని అతుకులూ అయ్యాక.

మిల్లు వెల్డర్ | శనివారం ఉదయం 7:10

ఈ మాట నాకు తట్టలేదు సుమా. పని ఇంకా మిగిలుందని మర్చిపోయి చెప్పాను. వాడు చెప్పిందే చెయ్.

స్టేలు వేసేటప్పుడు ముందు నాలుగు చోట్ల చుక్కలు పెట్టుకో. కుడి చుక్క, ఎడమ చుక్క, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. ఒక పక్క పూర్తిచేసి టీ తాగి రెండో పక్కకి వెళ్లకు. మంట ట్యూబు మీద తక్కువ, మందం ఉన్న వైపు ఎక్కువ పెట్టు. సిలిండర్ నిండుగా ఉన్న రోజే మొదలెట్టు. బలం లేని మంట చాలా చోటుని వేడి చేస్తుంది, అతకాల్సిన చోట మాత్రం రాడ్డు కరగదు. నీ తొమ్మిది నిమిషాల్లో వంపు పుట్టింది అక్కడే. ఎర్రగా ఉన్నప్పుడు నీళ్లు మాత్రం పోయొద్దు, ఇది బండి పట్టా కాదు. క్రోమోలీ బిరుసెక్కి పగుళ్లు వస్తాయి.

సైకిలమ్మ | శనివారం ఉదయం 9:00

వెనక హబ్ ఎంత? 135 అయితే 135కి నట్లు బిగించిన ఉత్తుత్తి ఇరుసు డ్రాపౌట్ల (వెనక ఇరుసు కొసలు కూర్చునే రెండు ముక్కల) మధ్య పెట్టే అతకండి. లేకపోతే అవి దగ్గరికి వచ్చేస్తాయి. అయ్యాక దారం పరీక్ష చేయండి. ఒక డ్రాపౌట్ నుంచి దారం లాగి, హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబు చుట్టూ తిప్పి, రెండో డ్రాపౌట్‌కి కట్టాలి. సీటు ట్యూబుకి రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో చూడాలి. రెండూ ఒకటే వస్తే వెనక భాగం నిటారుగా ఉన్నట్టు. దారం పిల్లలు గాలిపటానికి వాడే సన్నటిదైతే మంచిది, పురికొస వేస్తే దాని లావుకే ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది.

బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే గూడు) మరలు కూడా చూసుకోండి. అక్కడా మూడు నాలుగు అతుకుల వేడి పడుతుంది. పాత స్టీలు కప్పుకి రంపంతో నాలుగు గాళ్లు కోస్తే చేతి ట్యాపులా పనిచేస్తుంది, లోపలి మసి, ఫ్లక్స్ గీకేస్తుంది. చైన్ వైపు మర ఎడమ చుట్టు అని మర్చిపోవద్దు.

కాలవగట్టు | తర్వాతి నెల, ఆదివారం సాయంత్రం 5:50

మూడు వారాలు కనిపించనందుకు క్షమించండి, మధ్యలో పొలంలో కోతలు వచ్చాయి.

స్టేలు అతికించాను. నిండు సిలిండర్, కుడి ఎడమ మార్చి మార్చి, సీటు ట్యూబు దగ్గర రెండూ కలిపి మూడున్నర నిమిషాలు. సందుల్లో వెలుతురు కనిపించకుండా ఆకురాయితోనే రెండు సాయంత్రాలు గడిపాను. చల్లారాక స్కేలు ఆనిస్తే పై కొసన 1 మి.మీ. ఉన్న సందు 0.3కి వచ్చింది. దారం పరీక్షలో ఎడమ కంటే కుడి 1.5 ఎక్కువ. చేత్తో లాగి కొంత సర్దాను, ఇప్పుడు అర మిల్లీమీటరు లోపే.

నిన్న పాలకొల్లు వెళ్లాను. వేడినీళ్లు మళ్లీ ఒక రాత్రి పోసి, లోపల గాజు లేదని టార్చి వేసి చూపించాకే రీమరు చేతికిచ్చారు. కొబ్బరి నూనె పోసి, కుడి చుట్టే తిప్పుతూ, వెనక్కి ఒక్కసారి కూడా తిప్పకుండా దింపాం. నలుసులు మొదట ముందు వెనకల వైపు నుంచే వచ్చాయి. చివర్లో చుట్టూరా సమానంగా దుమ్ములా వచ్చాయి. తర్వాత లోపలి గోడని నున్నగా సానపట్టడానికి, బ్రేకు సిలిండర్లకి వాడే మూడు రాళ్ల హోను ఒక నిమిషం తిప్పారు. చీలిక ఆ తర్వాతే కోశాం.

పోస్టు పెట్టి వదిలితే లోపలి గాలిని నొక్కుకుంటూ, సన్నగా నిట్టూర్చినట్టు, దానంతటదే 120 దాకా దిగింది. నాలుగుసార్లు తీసి నాలుగుసార్లు వదిలాను, ఆ చప్పుడు వినడానికి.

పాలకొల్లు లేత్ | ఆదివారం సాయంత్రం 6:30

నాలుగు కాదు, తొమ్మిది. మా కుర్రాళ్లు లెక్కపెట్టారు. ఆ హోను మీ సంచిలోనే వచ్చేసినట్టుంది, చూసి పంపండి. సోమవారం రెండు బండ్లు వస్తున్నాయి.

గేర్లెందుకు | ఆదివారం సాయంత్రం 6:41

పోస్టు దిగింది సరే. సీటు కొన్నారా?

కాలవగట్టు | ఆదివారం సాయంత్రం 6:44

లేదండి.